నాది కాని నిన్న

మీరైతే ఏమీ అనుకోరన్న ధైర్యంతో చెబుతున్నాను. నాకు 1957 అంటే పిచ్చి. మన 1957 కాదు. ఆ ఏడాది మనకి ‘మాయాబజార్’ వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌కి మొదటి పుట్టినరోజు జరిగింది, నాగార్జునసాగర్ కట్టుబడి సాగుతోంది. దాని మీద పిచ్చి పెంచుకుని ఉంటే నలుగురూ ముచ్చటపడేవారు. నాది అమెరికా 1957 మీద పిచ్చి. అప్పటికి నేను పుట్టనైనా లేదు. మా వంశంలో మద్రాసు దాటి వెళ్లినవాళ్లు లేరు. అయినా సరే, వెనక రెక్కలు లేచిన రెండు రంగుల పాత కారు రోడ్డు మీద కనబడిందంటే నా కళ్లు చెమరుస్తాయి.

‘ఆ రోజులే వేరు’ అనకుండా ముసలివాడైనవాడు లోకంలో లేడు. మా తాతయ్యకి రూపాయికి ఎన్ని శేర్ల బియ్యం వచ్చేదో గుర్తుండేది, నిన్న ఏం తిన్నాడో గుర్తుండేది కాదు. మీకు మీ ఊరి చెరువు కావచ్చు, టూరింగ్ టాకీసు కావచ్చు, ఉత్తరాలు రాసుకున్న కాలం కావచ్చు. ఎవరి నిన్న వాళ్లది. నేను చేసిన తెలివితక్కువ పని ఒక్కటే. ఎవరిదో నిన్నని ఇంటికి తెచ్చుకుని నాదేనని పెంచుకున్నాను.

దీనికి మొదలు బెజవాడలో ఉంది. నాన్న రైల్వేలో గుమాస్తా. సత్యనారాయణపురంలో రైల్వే క్వార్టర్సు. మా వెనక వరసలో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డుగారు కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్లిపోతూ సామాను పంచిపెట్టారు. ఒకళ్లకి మంచం, ఒకళ్లకి కోళ్లగూడు. మాకు పాత ‘లైఫ్’ పత్రికల కట్ట వచ్చింది, పిల్లల పుస్తకాలకి అట్టలు వేసుకోమని. అట్టలు వేసే పని నాకు అప్పజెప్పారు. ఒక్క పుస్తకానికీ వేయలేదు. కట్ట మొత్తం మంచం కింద దాచుకుని, మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక బయటికి తీసేవాణ్ణి.

వార్తలు నాకు అక్కర్లేదు. ప్రకటనలు చూసేవాణ్ణి. వాటిలో ఒకటి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. తెల్లటి ఫ్రిజ్ తలుపు తీసి ఒకావిడ నవ్వుతూ నిలబడి ఉంటుంది. లోపల దీపం. పాలసీసాలు, పళ్లు, నాకు పేరు తెలియని ఏవేవో పదార్థాలు. గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని భర్త, అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు. బయట ఇంకా ఎండ ఉంది. పిల్లలు, కుక్క, గడ్డి, గడ్డి మీద కారు. మా వంటింట్లో బొగ్గుల కుంపటి ముందు అమ్మ విసనకర్రతో విసురుతూ ఉండేది. నేను ఆ బొమ్మలోకి ఎలా వెళ్లాలా అని చూసేవాణ్ణి.

మరి వెళ్లాను. చదువు, పరీక్షలు, వీసా అన్నీ అయ్యి, 1990 ప్రాంతంలో న్యూజెర్సీలో దిగాను. టోపీ పెట్టుకున్న మగాడు ఒక్కడూ కనబడలేదు. చీకటితో రైలెక్కి చీకటి పడ్డాక దిగే జనం కనబడ్డారు, వాళ్లలో నేనూ ఒకణ్ణయ్యాను. ఇద్దరి జీతాలతో ఇల్లు కొన్నాం. ఫ్రిజ్ కూడా కొన్నాం, తలుపు తీస్తే లోపల దీపం వెలిగింది. కానీ నేను దాని ముందు ఎండ ఉండగా నిలబడ్డది ఆదివారాల్లోనే. అయినా అప్పట్లో మోజు ముదరలేదు. పనిలో పడి మనిషికి పిచ్చి ముదిరే తీరిక కూడా ఉండదు.

యాభై దాటాక ఉద్యోగం పోయింది. ఏళ్ల తరబడి పనిచేసిన చోట, ఓ ఉదయం గదిలోకి పిలిచి, కాగితాల కవరు చేతికిచ్చి, మధ్యాహ్నానికల్లా బ్యాడ్జి తీసేసుకున్నారు. మనవాళ్లలో ఇది జరగని ఇల్లు లేదు కాబట్టి కంపెనీని తిట్టుకుంటూ కూర్చోను. ఆ తర్వాత నేనేం చేశానో అది చెప్పాలి. పగలంతా సోఫాలో కూర్చుని పాత టీవీ సీరియళ్లు పెట్టుకున్నాను. ‘ఐ లవ్ లూసీ’, ‘లీవ్ ఇట్ టు బీవర్’. వాటిలో ఎవడికీ ఉద్యోగం పోయిందన్న బెంగ ఉండదు. నాన్న అనేవాడు ఆరింటికి ఇంటికి వస్తాడు. ఎంత పెద్ద గొడవైనా అరగంటలో సర్దుకుంటుంది. చిన్నప్పటి ‘లైఫ్’ బొమ్మలకి ప్రాణం వచ్చింది. నాకు జరిగిన అన్యాయానికి కారణం తెలిసిపోయిందనుకున్నాను. నేను తప్పు కాలంలో దిగాను. నలభై ఏళ్లు ముందు రావాల్సినవాణ్ణి.

కంపెనీవాళ్లు చేతిలో పెట్టి పంపిన డబ్బులో సగంతో 1957 మోడల్ కారు కొన్నాను.

మా ఆవిడకి చెప్పకుండా కొన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ వేళ్లు వణుకుతున్నాయి. పైన తెలుపు, కింద సముద్రపు నీలం, వెనక రెక్కలు, ముందు కిలోలకొద్దీ క్రోమియం. అమెరికాలో కార్లకి రెక్కలు 1948 క్యాడిలాక్‌తో మొదలై 1959 క్యాడిలాక్‌తో ఆకాశాన్నంటాయి. జనరల్ మోటార్స్‌లో హార్లీ ఎర్ల్ అనే డిజైన్ పెద్ద యుద్ధ విమానాన్ని చూసి ముచ్చటపడి పెట్టించాడు. ఇలాంటివి అడగకపోయినా గంటసేపు చెప్పేవాణ్ణి. మా ఆవిడ కారు చుట్టూ ఓసారి తిరిగి వచ్చి, ‘సీటు బెల్టులేవండీ?’ అంది. లేవు. స్టీరింగు కడ్డీ ఒకటే ఇనప ముక్క, ఎదురుగా గుద్దితే నేరుగా గుండెల్లోకి వస్తుంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, తడిస్తే పట్టవు. 1950ల్లో అమెరికన్లు కారులో వెళ్లిన దూరంతో లెక్కేస్తే, రోడ్డు మీద చనిపోయేవాళ్ల వంతు ఇప్పటికంటే నాలుగైదు రెట్లు. అది నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం, ‘ఆ రోజుల్లో మనుషులు జాగ్రత్తగా నడిపేవారు, బెల్టులు దేనికి?’ అన్నాను. ఆ వారమే వానలో పక్కింటివాళ్ల పోస్టు డబ్బాని పడగొట్టాను.

తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే జబ్బు ఒకసారి పట్టుకుంటే వదలదు. మా ఆవిడతో ఒకరోజు, ‘అప్పట్లో ఆడవాళ్లు ఎంత హాయిగా ఇంటిపట్టున ఉండేవారో!’ అన్నాను. ఆవిడ అకౌంటెంటు. అప్పటికి ఇల్లు గడుస్తున్నది ఆవిడ జీతం మీద. కారుకి కొత్త కార్బురేటర్ వచ్చింది ఆవిడ క్రెడిట్ కార్డు మీద. పెళ్లైన ఆడదానికి భర్త సంతకం లేకుండా అప్పు ఇవ్వమని బ్యాంకులు అనకూడదని అమెరికాలో చట్టం వచ్చింది 1974లో. ‘నేనూ ఆ రోజుల్లోకి వచ్చేస్తాను, మీ కార్బురేటర్‌కి డబ్బు మీరు చూసుకోండి’ అంది. ఆవిడ గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇక పెళ్లిరోజు విందు సంగతి. ఇది ఇంతవరకూ బయటివాళ్లెవరికీ చెప్పలేదు.

లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్ముతుంటే 1950ల నాటి వంటల పుస్తకం దొరికింది. పెళ్లిరోజుకి ఆ కాలపు విందు చేస్తానని మాట ఇచ్చాను. అప్పటి అమెరికన్ గృహిణులు జెలటిన్‌తో సలాడ్లు చేసేవారు. నిమ్మకాయ రంగు జెల్లీలో క్యాబేజీ తురుము, క్యారెట్టు, ఆలివ్ కాయలు వేసి, మధ్యలో బోలుగా ఉన్న గుండ్రటి అచ్చులో పోసి, గడ్డకట్టాక బోర్లించి, పైన మయొనైజు పెట్టడం. కదిపితే వణుకుతుంది. నాలుగు తెలుగు కుటుంబాలని పిలిచాను. అందులో మూడు శాకాహార కుటుంబాలు. గుడివాడ నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూడా ఉన్నారు. ఎనభై ఏళ్ల మనిషి, కార్తీకమాసంలో ఉల్లిపాయ ఉన్న గదిలోకి కూడా రారు.

ఆవిడే ముందు చెంచా ముంచారు, చల్లగా బాగుందన్నారు, ఇంకాస్త వేయమన్నారు, నేను పొంగిపోయి రెట్టింపు వేశాను, వేస్తూ వేస్తూ ఆ కాలపు వంటిళ్ల గొప్పదనం మీద ఉపన్యాసం అందుకున్నాను, మాంసం ముట్టకుండా ఎన్ని చేసేవారో చూడండి అన్నాను, అందరూ తల ఊపారు, ఇంకో ఇద్దరు పళ్లేలు చాపారు, సరిగ్గా అప్పుడే మా స్నేహితుడి కూతురు, ఫార్మసీ చదువుతున్న పిల్ల, ఎంతో అమాయకంగా, హాలు మొత్తానికి వినబడేలా, ‘అంకుల్, జెలటిన్ అంటే పశువుల తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి తీసేది కదా?’ అంది.

చెంచాలు ఆగిపోయాయి. అత్తయ్యగారు నెమ్మదిగా పళ్లెం కింద పెట్టి, లేచి, స్నానాల గదిలోకి వెళ్లారు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. మర్నాడు ఉపవాసం. ఆ మర్నాడు నన్ను పిలిచి, ‘అల్లుడుగారూ, తెలియక తిన్నదానికి దోషం లేదంటారు. తెలుసుకోకుండా పెట్టినదానికి ఏమంటారో నాకు తెలీదు’ అన్నారు.

ఆవిడ కోప్పడి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆ మాట సలాడ్ దగ్గర ఆగలేదు. తళతళలాడేదాన్ని చూసి, అది దేంతో తయారైందో అడక్కుండా నలుగురికీ వడ్డించడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

వేసవి శనివారాల్లో సాయంత్రంపూట డైనర్ల పార్కింగు స్థలాల్లో పాత కార్లవాళ్లు చేరతారు. బానెట్లు ఎత్తి, పక్కన మడత కుర్చీలు వేసుకుని, ఎల్విస్ పాటలు పెట్టుకుని కూర్చుంటారు. నేనూ చేరాను. వాళ్లందరిలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే, పైగా టోపీ. వచ్చేపోయేవాళ్లు నన్ను చూసి నవ్వితే మెచ్చుకోలనే తీసుకున్నాను. ఒక శనివారం డెబ్భై దాటిన నల్లజాతి పెద్దాయన ఒకరు నా కారు ముందు ఆగిపోయారు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. నాకు శ్రోత దొరికాడు కదా, ఊరుకుంటానా? పదిహేను సెంట్ల హాంబర్గర్ గురించి చెప్పాను, తలుపులకి తాళాలు వేసుకోని వీధుల గురించి చెప్పాను, ఫిలడెల్ఫియా దగ్గర లెవిట్‌టౌన్‌కి ఈ కారు వేసుకెళ్లి అచ్చం అప్పటి ఇంటి ముందు ఫొటో దిగానని ఫోన్ తీసి చూపించాను, ‘ఆ రోజులే వేరు కదండీ!’ అన్నాను.

ఆయన ఫొటో చూశారు. ‘మా నాన్నకి సరిగ్గా ఇదే కారు, ఇదే రంగు’ అన్నారు. పోస్టాఫీసులో ఉద్యోగం చేసి కొన్నాడట. ఏటా వేసవిలో ఫిలడెల్ఫియా నుంచి సౌత్ కరోలినాలో నాయనమ్మ ఊరికి తీసుకెళ్లేవాడట. బయల్దేరే ముందు రాత్రి అమ్మ కోడి వేయించి, అట్టపెట్టెల్లో సర్దేది. దారిలో హోటళ్లలో వీళ్లని కూర్చోనివ్వరు. పెట్రోలు పోస్తారు కానీ దొడ్డి వాడుకోనివ్వరు. అందుకని వెనక సీటు కింద ఖాళీ కాఫీ డబ్బా. ముందు సీటు దగ్గర గ్రీన్ బుక్. విక్టర్ గ్రీన్ అనే హార్లెమ్ పోస్ట్‌మ్యాన్ 1936లో మొదలుపెట్టిన పుస్తకం అది, నల్లవాళ్లు ఏ ఊళ్లో ఎక్కడ తినొచ్చో, ఎక్కడ పడుకోవచ్చో అందులో ఉండేది. ‘చీకటి పడేలోపు దాటాల్సిన ఊళ్లని మా నాన్న ఆ రెక్కల కారు ఎంత వేగంగా నడిపి దాటించేవాడో!’ అన్నారు.

నేను టోపీ తీశాను. ఏదో అనబోయాను. ఆయన చెయ్యి ఊపి, ‘నన్ను తప్పుగా అనుకోకండి, ఆ రోజులంటే నాకూ ఇష్టమే. మా నాన్న బతికున్నాడు కదా అప్పుడు’ అన్నారు. తర్వాత నన్ను మామూలుగా ఒక మాట అడిగారు. దెప్పిపొడుపు లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ‘మీవాళ్లు అప్పుడు ఇక్కడ ఎక్కడ ఉండేవారు?’

నోట మాట రాలేదు. మావాళ్లు ఎక్కడా లేరు. ఉండనివ్వలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, కారు గురించి చదివిన శ్రద్ధలో పదో వంతు పెట్టి ఈ సంగతి చదివాను. 1917 చట్టం ఆసియాలో చాలా భాగాన్ని గీత గీసి మూసేసింది, అందులో మనమూ ఉన్నాం. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం అడిగితే, చట్టం చెప్పే తెల్లవాళ్లలో భారతీయులు రారని సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో తలుపు కాస్త తీశారు. వలసకి ఏడాదికి వందమందిని రానిస్తామన్నారు. జిల్లాకి కాదు, దేశం మొత్తానికి వంద. నేను వలచిన 1957లోనూ లెక్క అదే. 1965 అక్టోబరులో జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం దగ్గర సంతకం పెట్టిన చట్టంతో ఆ పద్ధతి పోయింది, ఆ తర్వాతే మా తరానికి దారి పడింది. ఆ చట్టం గాలికి రాలేదు. నల్లవాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి, 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చుకున్న ఊపులోనే అదీ వచ్చింది. పెద్దాయన మనుషులు తీసిన తలుపులోంచి లోపలికొచ్చి, తలుపు మూసి ఉన్న రోజులు బాగుండేవని నేను ఆయనకే చెప్పాను. ఆ వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మన మనిషి ఒకాయన మాత్రం ఆ రోజుల్లో ఇక్కడ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, థిండ్ తీర్పు వచ్చిన రోజుల్లోనే బోస్టన్ చేరాడు. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తి, పగలు హార్వర్డ్‌లో చదివాడు. కండరాలకి శక్తి ఎలా అందుతుందో వివరించే పరిశోధనలో పాలు పంచుకున్నాడు. హార్వర్డ్‌లో పర్మనెంటు పదవి రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలకి వెళ్లాడు. కీమోథెరపీకి తొలిమెట్లయిన మందులు, బోదకాలుకి మన కోస్తా జిల్లాల్లో మింగిన మాత్ర, ఆరియోమైసిన్, అన్నీ ఆయన నడిపిన బృందాల నుంచి వచ్చినవే. 1948లో యాభై మూడేళ్లకే పోయాడు. పెరల్ రివర్ మా న్యూజెర్సీ సరిహద్దుని ఆనుకునే ఉంటుంది. డ్రైవ్-ఇన్ సినిమాహాలు మొట్టమొదట ఎక్కడ కట్టారో వెతుక్కుంటూ క్యామ్‌డెన్ దాకా వెళ్లినవాణ్ణి, పెరల్ రివర్ గుండా ఎన్నోసార్లు వెళ్లి కూడా ఒక్కసారీ కారు ఆపలేదు. నా మోజులో ఆయనకి చోటు లేదు, ఎందుకంటే ఆయన ప్రకటన బొమ్మలో లేడు.

లెవిట్‌టౌన్ గురించీ చదివాను. లాంగ్ ఐలాండ్‌లో మొదటిది 1947లో లేచింది. కర్మాగారంలో వస్తువులు చేసినంత వేగంగా ఇళ్లు కట్టారు. 1949లో ఇల్లు 7,990 డాలర్లు, యుద్ధం నుంచి వచ్చిన సైనికుడైతే చేతి నుంచి పైసా పెట్టకుండా దిగొచ్చు. కానీ తెల్లవాళ్లకే. నేను టోపీ పెట్టుకుని ఫొటో దిగిన పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లోనే 1957 ఆగస్టులో విలియం, డైసీ మైయర్స్ అనే నల్లజాతి దంపతులు పసిపిల్లలతో ఓ ఇంట్లోకి వచ్చారు. రాత్రుళ్లు వందలమంది ఇంటి ముందు చేరి రాళ్లు వేశారు, అరిచారు. రాష్ట్ర పోలీసులు దిగాల్సి వచ్చింది. మైయర్స్ కుటుంబం కదల్లేదు. ఘటోత్కచుడి మాయాబజారులో విడిది దిగిన పెళ్లివారు తివాచీలు చూసి మురిసిపోయినట్టు, నేనూ గడ్డి కత్తిరింపు చూసి మురిసిపోయాను. ఆ గడ్డి మీద రాళ్లు పడ్డాయని ఎవరూ ఫొటోకి రాసిపెట్టరు.

ఇంకా తవ్వితే ఇంకా వచ్చింది. 1950లో అమెరికాలో మూడో వంతుకి పైగా ఇళ్లకి పూర్తి నీటి వసతి లేదు. కుళాయిలో వేడినీళ్లో, స్నానానికి తొట్టో, మరుగుదొడ్డో ఏదో ఒకటి ఉండేది కాదు. అమ్మ కుంపటి విసురుతున్న రోజుల్లో అమెరికాలోనూ ఎందరో అమ్మలు బయటి నుంచి నీళ్లు మోస్తున్నారు. 1952లో 58 వేలమంది దాకా పోలియో బారినపడ్డారు. వేసవిలో తల్లిదండ్రులు పిల్లల్ని ఈతకొలనుకి పంపాలంటే వణికేవారు. 1955 ఏప్రిల్‌లో సాల్క్ టీకా పనిచేస్తోందని ప్రకటించాక ఊపిరి పీల్చుకున్నారు. పెద్దవాళ్లలో సగానికి దగ్గరగా సిగరెట్లు తాగేవారు.

ఇవన్నీ చదివాక నేను చేసింది మరో తెలివితక్కువ పని. కారు అమ్మేసి, పుస్తకాలు బయట పడేసి, 1950లంటే మొత్తం అబద్ధమని కొత్త ఉపన్యాసం మొదలెట్టాను. ఒక చివర నుంచి ఇంకో చివరకి దూకడం నాలాంటివాళ్లకి చాలా తేలిక. నన్ను ఆపింది మా అమ్మాయి.

అమ్మాయి ఫిలడెల్ఫియాలో నర్సు. చదువు అప్పు ఇంకా తీరలేదు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, అద్దె ఇంట్లో సోఫా మీద బూట్లతోనే పడి నిద్రపోతుంది. నా కొత్త ఉపన్యాసం సగం విని, ‘నాన్నా, ఆ ఫ్రిజ్ సంగతి వదిలెయ్. టోపీవాడు ఎండ ఉండగానే ఇంటికి ఎలా రాగలిగాడో అది చెప్పు’ అంది.

చిన్నప్పటి నుంచి ఆ బొమ్మని కొన్ని వందలసార్లు చూశాను. ఆ ప్రశ్న నాకు రాలేదు. వెతికితే జవాబు పెద్ద రహస్యమేం కాదు. వారానికి నలభై గంటల పని 1938 చట్టంతో వచ్చింది. 1950ల నడుమ జీతగాళ్లలో మూడో వంతు యూనియన్లలో ఉన్నారు, ఇప్పుడు పదో వంతు. 1950లో కార్ల కార్మికుల యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్ జనరల్ మోటార్స్‌తో అయిదేళ్ల ఒప్పందం చేసుకుంటే, అందులో పింఛను ఉంది, ధరలు పెరిగితే జీతమూ పెరిగే ఏర్పాటు ఉంది. రెక్కలు పెట్టించిన హార్లీ ఎర్ల్ గురించి గంటసేపు చెప్పగలిగిన నాకు, ఆ రెక్కలు బిగించినవాళ్ల కోసం బల్లకి అటువైపు కూర్చున్న మనిషి పేరు తెలియదు. బాగా డబ్బున్నవాడి ఆదాయంలో పై భాగం మీద పన్ను రేటు 91 శాతం. సైనికుల చదువుకీ ఇళ్లకీ 1944 చట్టం కింద సర్కారు డబ్బు పెట్టింది. 1950లో మధ్యతరగతి కుటుంబం ఏడాదికి 3,300 డాలర్లు సంపాదిస్తే ఇల్లు రెండున్నరేళ్ల సంపాదనకి వచ్చేది. ఇప్పుడు ఏడాదికి ఎనభై వేలు దాటినా, ఇల్లు నాలుగు లక్షల పైమాటే, అయిదేళ్ల సంపాదన. అదీ చాలా ఇళ్లలో ఇద్దరూ పనిచేస్తే. ఇది నా ఊహ కాదు. ఆ కాలంలో నిజంగా మంచిదంటూ ఉంటే ఇది మంచిది. దాన్ని మనుషులు పోరాడి, బేరమాడి, చట్టాలు రాయించుకుని తెచ్చుకున్నారు. చెడ్డది, దాన్ని కొందరికే ఇచ్చి తలుపు వేసుకోవడం.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. బెజవాడ రైల్వే ఆఫీసు నుంచి సైకిలు మీద ఎండ ఉండగానే ఇంటికి వచ్చేవాడు. మాతో చింతచెట్టు కింద కూర్చుని లెక్కలు చెప్పేవాడు. క్వార్టర్సు, ప్రావిడెంట్ ఫండ్, పింఛను అన్నీ ఉండేవి, వెనక బలమైన రైల్వే యూనియన్ ఉండేది. ఆయన సైకిలు స్టాండు వేసిన చప్పుడు విని నేను ‘లైఫ్’ పత్రిక మంచం కిందకి తోసేసి బయటికి పరుగెత్తేవాణ్ణి. టోపీవాడి ఇంట్లో నేను వెతుక్కున్నది మా ఇంట్లోనే ఉంది, ఫ్రిజ్ లేకుండా. ఉద్యోగం పోయిన నాకు కావాల్సింది ఆ భరోసా. అది అడిగే ధైర్యం లేక కారు కొనుక్కున్నాను. ఎన్నో ఏళ్లు ఆఫీసులో ఎవరైనా యూనియన్ మాట ఎత్తితే, అది మనలాంటి చదువుకున్నవాళ్లకి కాదులే అన్నవాణ్ణి నేనే. ఆ మాట అన్నప్పుడు నాన్న గుర్తుకు రాలేదు. ఇన్ని తప్పుల్లో నాకు సిగ్గుగా ఉన్నది ఇదొక్కటే.

మా అమ్మాయి పనిచేసే ఆసుపత్రిలో నర్సులు యూనియన్ పెట్టుకోవాలని చూస్తున్నారు. ఓటు ఇంకా జరగలేదు. రోగికి ఇంతమంది నర్సులుండాలని, డ్యూటీ అయ్యాక బలవంతంగా ఆపకూడదని అడుగుతున్నారు. గురువారం రాత్రి ఒక చర్చి కింది అంతస్తులో మీటింగు. ఇంటివాళ్లు కూడా రావచ్చట. కుర్చీలు వేయడానికి, కాఫీ పెట్టడానికి మనుషులు కావాలట. నన్ను రమ్మంది, ఒక్క షరతు మీద. అక్కడ 1957 గురించి ఎవరైనా అడిగితేనే చెప్పాలి, చెప్తే మొత్తం చెప్పాలి.

ఒప్పుకున్నాను. మా ఆవిడ కూడా వస్తోంది, చందాల లెక్క రాయడానికి.